కిటికీ బయట పుట్టినరోజు భోజనం

మా పెద్దదాని పుట్టినరోజు భోజనం నేను ఎక్కడ కూర్చుని తిన్నానో చెప్తే మీరు నమ్మరు. రెస్టారెంట్ బయట, వానలో, గొడుగు కింద, చెక్క బెంచీ మీద! అద్దానికి అవతల మా ఆయనా, పిల్లలిద్దరూ బల్ల ముందు హాయిగా తింటున్నారు. ఇవతల నేను ఒళ్ళో ప్లేటు పెట్టుకుని తింటున్నాను. నన్నెవరూ వెళ్ళమనలేదు. పైగా లోపలికి రమ్మని ఇద్దరు బతిమాలారు కూడా. నేనే వెళ్ళి కూర్చున్నాను. ఎందుకో చెప్తాను, టీ తాగుతూ వినండి. నవ్వొస్తే నవ్వుకోండి. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

అది కరోనా రెండో ఏడు, జూన్ నెల. మేముండేది జర్మనీలో, డార్మ్‌స్టాట్‌లో. అప్పటికి నెలల తరబడి రెస్టారెంట్లన్నీ మూసే ఉన్నాయి. కావాలంటే గుమ్మంలో నిలబడి డబ్బా తెచ్చుకోవాలి, అంతే. మా పెద్దది సహస్రకి పదకొండు నిండబోతున్నాయి. దాని పదో పుట్టినరోజు లాప్‌టాప్‌లోనే అయిపోయింది. స్నేహితులందరూ చిన్న చిన్న గళ్ళలోంచి పాట పాడుతుంటే, ఒకళ్ళ పాట ఇంకొకళ్ళ దానికన్నా ముందే అయిపోతుంటే, అది కేకు ముందు కూర్చుని అందరికీ చెయ్యి ఊపింది. లాప్‌టాప్ మూశాక ఒక్క మాట కూడా అనలేదు. ఏడ్చినా బావుండేది.

ఈసారి అది అడిగినవి రెండే.

"అమ్మా, డబ్బాలో వద్దు. నిజం రెస్టారెంట్‌లో, లోపల కూర్చుని, ప్లేట్లలో తినాలి."

"సరే. రెండోది?"

"ఆ ఒక్క రోజూ నువ్వు నార్మల్‌గా ఉండాలి."

నేను నార్మల్‌గా లేకపోవడమేమిటి అనుకున్నాను. నిజమే, పాల ప్యాకెట్లు కూడా సబ్బుతో కడిగేదాన్ని. పార్కులో ఉయ్యాల గొలుసులు తుడిచాకే పిల్లల్ని ఎక్కనిచ్చేదాన్ని. ఒకసారి వాళ్ళ స్కూల్ టీచరమ్మ తుమ్మితే ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగాను. అది పైన్‌లిష్ అని సహస్ర రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. పైన్‌లిష్ అంటే పరువు తక్కువ పని అని. ఈ దేశం వచ్చాక నేను నేర్చుకున్న జర్మన్ మాటల్లో మా పెద్దది నా మీద ఎక్కువగా వాడేది అదే.

కానీ మీరే చెప్పండి, ఇక్కడ పిల్లకి ఒళ్ళు వెచ్చబడితే పక్కింటి పిన్నిగారిని అడగడానికి లేదు. డాక్టర్ దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికేసరికి జ్వరం వచ్చి వెళ్ళిపోతుంది కూడా. అడిగేదీ నేనే, జవాబు చెప్పుకునేదీ నేనే. అందుకని నా జవాబు ఎప్పుడూ "జాగ్రత్త" అనే వస్తుంది.

సరే, ఒట్టేశాను. నార్మల్‌గా ఉంటానన్నాను.

ఎక్కడికెళ్దాం అంటే మా ఆయన వెంటనే ఇల్మెనౌ అన్నారు. ఆయన మాస్టర్స్ చేసింది అక్కడే. చుట్టూ అడవి, మధ్యలో చిన్న యూనివర్సిటీ ఊరు. అక్కడ ఒక ఇటాలియన్ కుటుంబం నడిపే రెస్టారెంట్ ఉంది. మొగుడు వంట, పెళ్ళాం వడ్డన, కొడుకు అప్పటికి స్కూల్‌కెళ్ళేవాడట. పరీక్షలప్పుడు లైబ్రరీలో చదివి చదివి, వణుక్కుంటూ ఈయన అటు వెళ్తే ఆవిడ అడక్కుండానే వేడి బ్రెడ్డు ముందు పెట్టేదట. విద్యార్థులందరూ ఆవిడని నోన్నా అనేవాళ్ళు. వాళ్ళ భాషలో అమ్మమ్మ అని.

"పన్నెండేళ్ళయింది సుధా. నన్ను గుర్తుపడుతుందో లేదో," అన్నారు దారిలో. ఆ మాట మూడుసార్లు అన్నారు.

నేను నా హ్యాండ్‌బ్యాగ్ సర్దుకున్నాను. శానిటైజర్ రెండు సీసాలు. మాస్కులు డజను. ఇతరులు ముట్టుకున్న పెన్ను ముట్టుకోకుండా నా సొంత పెన్ను. ఐదు కరోనా టెస్టులుండే పెట్టె ఒకటి. థర్మామీటరు. ఇవి కాక, మా చిన్నదాని విటమిన్ సీసా. దాని మీద ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది. లోపల విటమిన్ మాత్రలు లేవు. కందిపొడి ఉంది.

మా చిన్నది మేఘనకి ఆరేళ్ళు. కందిపొడి లేకుండా దానికి ముద్ద దిగదు. కానీ రెస్టారెంట్‌కి ఇంటి తిండి తీసుకెళ్ళకూడదు కదా! ఈ దేశంలో రూల్ అంటే రూలే, నాకూ రూల్ అంటే ప్రాణం. రెండు రాత్రులు ఆలోచించి ఆ ఎలుగుబంటి సీసాలో పోశాను. ఎవరైనా చూస్తే మందు అనుకుంటారు. అది అబద్ధం కూడా కాదు, మా చిన్నదానికి అది మందే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ పొడిలో పడింది కరోనాకి ముందు ఇండియా వెళ్ళినప్పుడు తెచ్చుకున్న గుంటూరు మిరపకాయలు. ఫ్రీజర్‌లో దాచి దాచి వాడుతున్నవి.

మధ్యాహ్నం పన్నెండున్నరకి వెళ్ళాం. బయట సన్నగా వాన. కిటికీ కింద చెక్క బెంచీ. లోపల ఎనిమిది బల్లలు, దూరదూరంగా. మూడింటి ముందు మనుషులున్నారు. ఒక ముసలి జంట, వాళ్ళ కాళ్ళ దగ్గర కుక్క. ఇంకో రెండు బల్లల దగ్గర కుర్రజంటలు. గుమ్మంలోనే తెల్ల జుట్టు, నల్ల బట్టలు, పొట్టిగా ఒక పెద్దావిడ. మా ఆయన మాస్కు ఒక్క క్షణం కిందికి లాగి మొహం చూపించారు.

ఆవిడ కాసేపు చూసింది. "లైబ్రరీ!" అంది. "రాత్రి పదింటికి బ్రెడ్డు! నువ్వే కదా?"

మా ఆయన కళ్ళు చెమర్చాయి. "నోన్నా, సిన్యోర్ ఎక్కడ? వంటింట్లోనా?" అని ఆవిడ భర్త గురించి అడిగారు.

ఆవిడ గోడ వైపు చూసింది. అక్కడ తెల్ల టోపీ పెట్టుకుని నవ్వుతున్న ఒకాయన ఫోటో. దాని కింద చిన్న దీపం.

"డిసెంబర్‌లో," అంది. ఎలా అని ఎవరూ అడగలేదు. ఆ డిసెంబర్‌లో ఎలా పోయారో అడగాల్సిన పని లేదు.

ఇప్పుడు వంట చేసేది కొడుకు మార్కో. వచ్చి పలకరించాడు. లోపల మనుషుల్ని కూర్చోబెట్టడం మొదలుపెట్టి ఆరు రోజులే అయిందన్నాడు. "ఇక్కడ ఒక్క కేసు తేలినా రెండు వారాలు మూత. ఇంకోసారి మూస్తే మళ్ళీ తెరవలేం," అన్నాడు. ఫారం ఇచ్చాడు. పేర్లు, ఫోన్ నంబరు, వచ్చిన టైము, వెళ్ళిన టైము రాయాలి. నా పెన్నుతో నేనే రాశాను. వచ్చిన టైము పన్నెండు ముప్ఫై నాలుగు. ముప్ఫై అని రాయబోయి దిద్దాను.

సహస్ర నా వైపు చూసింది. "నార్మల్," అన్నాను నేనే.

భోజనం వచ్చింది. మా పిల్లలకి స్పఘెట్టి, మా ఆయనకి పిజ్జా, నాకు వంకాయ, టమాటా వేసిన పాస్తా. ప్లేట్లు! నిజం ప్లేట్లు, గాజు గ్లాసులు, గుడ్డ నాప్‌కిన్లు! సహస్ర ఫోర్కు పట్టుకుని ఊరికే అటూ ఇటూ చూస్తోంది. నెలల తర్వాత దాని మొహంలో ఆ వెలుగు చూశాను. నేను నార్మల్‌గా ఉన్నాను. అక్షరాలా పది నిమిషాలు.

మేఘన ఒక ముద్ద తిని ఫోర్కు కింద పెట్టింది. "అమ్మా, పొడి."

"నెమ్మదిగా!" అన్నాను. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, బల్ల కింద సీసా మూత తీసి, చిటికెడు తీసి దాని ప్లేటులో గబగబా చల్లాను. ఎవరూ చూడకూడదన్న తొందర. చిటికెడు కాస్తా నాలుగు చిటికెలయింది. అది పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్కసారి పీల్చింది.

పొలమారింది!

ఏం దగ్గు, ఏం దగ్గు! మొహం ఎర్రగా అయిపోయింది. కళ్ళవెంట నీళ్ళు. మా ఆయన దాని నెత్తిమీద టపటపా కొడుతూ, "ఏం లేదు, ఏం లేదు, నానమ్మ తలుచుకుంటోంది," అంటున్నారు. మనకది మామూలే కదా. ఆ హాల్లో వాళ్ళకి ఎలా కనిపించి ఉంటుందో ఆలోచించండి. పిల్ల ఆగకుండా దగ్గుతోంది, తండ్రి దాని తలమీద కొడుతున్నాడు!

ఫోర్కుల చప్పుడు ఆగిపోయింది. కుర్రజంటల్లో ఒకమ్మాయి మాస్కు వెతుక్కుంది. ముసలాయన కుక్కని దగ్గరికి లాక్కున్నాడు. మార్కో వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అతను మేఘనని చూడలేదు. వాళ్ళమ్మని చూశాడు. ఆవిడ భర్త ఫోటో కింద నిలబడి, చేతిలో నీళ్ళ జగ్గు అలాగే పట్టుకుని ఉంది.

ఆ చూపు నేను చూశాను. ఆవిడ ఇంట్లోకి, ఆ దీపం ముందుకి నేను ఏం తీసుకొచ్చానని ఆవిడ అనుకుంటోంది!

లేచి నిలబడ్డాను. "అమ్మా, నైన్, వద్దు, ప్లీజ్," అంది సహస్ర పళ్ళ మధ్య నుంచి.

"ఇది జబ్బు కాదండీ," అన్నాను జర్మన్‌లో, గట్టిగా, అందరికీ వినబడేలా. "ఇది కారం. నేనే తెచ్చాను. దొంగతనంగా తెచ్చాను. క్షమించండి." అని ఎలుగుబంటి సీసా పైకెత్తి చూపించాను.

"అది విటమిన్లు కదా?" అన్నాడు ముసలాయన.

"సీసా విటమిన్లది. లోపల కారం."

మార్కో దూరం నుంచే వాసన చూసి తల వెనక్కి లాక్కున్నాడు. నవ్వాడు కూడా. "సరేనండీ, అర్థమైంది. కూర్చోండి," అన్నాడు. చూశారా, అక్కడితో అయిపోయింది. ఎవరైనా అయితే కూర్చుని తినేవాళ్ళు. నేను కూర్చోలేకపోయాను. కారం వల్లే దగ్గిందని నేనంటున్నాను. కానీ అది నా నమ్మకమే కదా, రుజువేది? పొద్దున్న కారులో కూడా అది ఒకసారి దగ్గలేదూ?

"మా అందరికీ టెస్ట్ చేసుకుంటాం. ఇప్పుడే, బయట," అన్నాను.

"అవసరం లేదండీ," అని మార్కో మళ్ళీ వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆ తర్వాత వద్దనలేదు.

"పైన్‌లిష్," అంది సహస్ర. ఈసారి కోపంగా అనలేదు. అలసటగా అంది. అది ఇంకా గుచ్చుకుంది.

చూరు కింద నలుగురం వరసగా నిలబడ్డాం. పెట్టె తెరిచి, సూచనల కాగితం మూడోసారి చదివి వినిపించాను. మా ఆయన తన టెస్టు చేసుకుని పిల్లలకి చేశారు. నాది నేను చేసుకున్నాను. ముందు చేతులకి శానిటైజర్ బాగా రాసుకున్నాను. శానిటైజర్‌కి వైరస్ చస్తుందేమో గానీ గుంటూరు మిరపకారం చావదు! ముక్కులో పెట్టుకునే దూదిపుల్ల కొస జారిపోతుంటే వేళ్ళతో పట్టుకున్నాను, ఆ వేళ్ళతోనే.

పుల్ల ముక్కులోకి వెళ్ళిన మరుక్షణం నా తలలో నిప్పంటుకుంది. తుమ్ము! ఇంకోటి, ఇంకోటి! లెక్కపెట్టింది మేఘన. పదకొండు. అక్కకి పదకొండేళ్ళు కదా, సరిపోయిందంది. కళ్ళు తెరవలేకపోతున్నాను. ముక్కు దిబ్బడ. కిటికీకి అవతల మొత్తం రెస్టారెంట్ నన్నే చూస్తోంది. ఏ అనుమానం తీర్చడానికి బయటికొచ్చానో, ఆ అనుమానానికి నిలువెత్తు బొమ్మలా నిలబడ్డాను.

నాలుగు టెస్టు పలకలూ కిటికీ గట్టు మీద వరసగా పెట్టాం. పావుగంట. లోపలివాళ్ళు అద్దంలోంచి చూస్తున్నారు, మేం బయటినుంచి చూస్తున్నాం. నోన్నా కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది. ఆవిడ పెదాలు మాత్రం కదులుతున్నాయి. ప్రార్థనేమో.

మా ఆయనకి ఒకటే గీత, నెగెటివ్. సహస్ర, నెగెటివ్. మేఘన, నెగెటివ్. లోపల ఎవరో చప్పట్లు కొట్టారు. నాది చూశాను. ఒకటీ లేదు, రెండూ లేవు. అసలు గీతే లేదు! కళ్ళ మంటలో చుక్కలు గుండ్రటి గుంటలో వెయ్యకుండా, గీతలు కనబడే సన్నపు గాడిలో పోసేశాను. మూడుసార్లు చదివి అందరికీ పాఠం చెప్పింది నేను. తప్పు చేసింది నేనొక్కదాన్నే.

"పోనీలే సుధా, ముగ్గురికీ లేనిది నీకెక్కణ్ణుంచి వస్తుంది? రా," అన్నారు మా ఆయన.

"చెల్లని టెస్టుతో ఆవిడ ముందుకెలా వస్తానండీ? మీరెళ్ళండి. దాని పుట్టినరోజు పాడుచెయ్యకండి," అన్నాను. ఆయనకి నా సంగతి తెలుసు. వాదించలేదు. సహస్ర గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి నన్నూ, నా హ్యాండ్‌బ్యాగునీ చూసింది. ఏదో అనబోయి, లోపలికెళ్ళిపోయింది.

మార్కో కూడా వచ్చి పిలిచాడు. వెళ్ళలేదు. వాన పెద్దదయింది. బెంచీ మీద ఒక చివర కూర్చున్నాను. నిజం చెప్తున్నాను, ఏడుపొచ్చింది. కారం వల్ల అనుకుని ఊరుకున్నాను.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. నోన్నా! ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో నా పాస్తా ప్లేటు, మళ్ళీ వేడిచేసి. గొడుగు నా చేతికిచ్చి, ప్లేటు నా ఒళ్ళో పెట్టి, బెంచీ రెండో చివర, చూరు కింద తను కూర్చుంది.

"దూరంగా ఉండండి, నా టెస్టు చెల్లలేదు," అన్నాను.

"బెంచీ పొడుగ్గానే ఉంది," అంది. కాసేపు వాన వైపు చూసింది. "ఆస్పత్రిలో నన్ను లోపలికి రానివ్వలేదు. రోజూ కింద కార్లు పెట్టే చోట నిలబడి మూడో అంతస్తు కిటికీల వైపు చూసేదాన్ని. ఏది ఆయన కిటికీయో కూడా తెలీదు. అన్నిటికీ చెయ్యి ఊపేదాన్ని. అందుకని కిటికీ బయట ఎవరైనా ఒక్కరే కూర్చుంటే నేను లోపల ఉండలేను. తిను."

తిన్నాను. ఆ వంకాయ నోట్లో పెట్టుకుంటే వెన్నలా కరిగిపోయింది. మాడీ మాడని వెల్లుల్లి వాసన, టమాటా పులుపు, పైన ఏదో పచ్చి ఆకు. ఒళ్ళంతా తడిసి, ముక్కు మండుతూ తిన్న ఆ భోజనం లాంటిది ఈ దేశంలో నేను మళ్ళీ తినలేదు.

"ఏదీ, ఆ ఎలుగుబంటి," అంది చెయ్యి చాపి. సీసాకి శానిటైజర్ కొట్టి, బెంచీ మధ్యలో పెట్టాను. ఆవిడ లోపలికెళ్ళి బ్రెడ్డు, ఆలివ్ నూనె తెచ్చుకుంది. నూనె పోసుకుని, పొడి చల్లుకుంది, చల్లుకుంటూనే ఉంది. "చాలండీ, చాలు!" అంటున్నాను. నోట్లో పెట్టుకుంది. కళ్ళు నిండాయి. దగ్గలేదు.

"ఆయనది ఇటలీ దక్షిణాన కలాబ్రియా. మిరపకాయ లేకపోతే వంటే కాదనేవాడు. ఆయన పోయాక నేను కారం వెయ్యడం మానేశాను. తినేవాళ్ళెవరు?" అంది. ఇంకో ముక్క తీసుకుంది. "నీది ఆయన కారం కన్నా ఎక్కువ. ఈ మాట ఆయన వింటే ఒప్పుకునేవాడు కాదు." అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇద్దరం కళ్ళు తుడుచుకుంటూ నవ్వాం.

లోపల దీపాలు తగ్గాయి. మార్కో తిరమిసు కేకు మీద ఒక కొవ్వొత్తి పెట్టి తెచ్చాడు. అందరూ పాడుతున్నారు, ముసలి జంట కూడా. నేను కిటికీ బయట నిలబడి గొడుగు పట్టుకుని పాడాను. సహస్ర చేతిలో మెనూ కార్డు ఉంది. మా ఇంట్లో అప్పటి రూల్ అది. కొవ్వొత్తి ఊదకూడదు, తుంపర్లు పడతాయి, అట్టతో విసిరి ఆర్పాలి. అది కార్డెత్తి, అలవాటుగా నా వైపు చూసింది. నాకేమైందో తెలీదు. "ఊదెయ్" అన్నట్టు తలూపాను. అది నమ్మలేనట్టు ఇంకోసారి చూసింది. మళ్ళీ తలూపాను. కార్డు పక్కన పడేసి ఒక్క ఊపున ఊదింది!

బయల్దేరేటప్పుడు ఫారంలో వెళ్ళిన టైము రాయాలి కదా. మార్కో దాన్ని గుమ్మం దాకా తెచ్చాడు. నా పెన్ను కోసం బ్యాగులో చెయ్యి పెట్టాను. టెస్టుల పెట్టె తగిలింది. ఖాళీ పెట్టె ఇంత బరువుందేమిటని తెరిచి చూశాను. సూచనల కాగితం అడుగున, సీలు కూడా విప్పకుండా, ఐదో టెస్టు!

ఐదు టెస్టుల పెట్టె. మేం నలుగురం. ఇంత చిన్న తీసివేత నాకు రాలేదు. గంటసేపు వానలో కూర్చున్నది ఆ టెస్టుని పక్కనే పెట్టుకుని!

"ఇదేంటి సుధా?" అన్నారు మా ఆయన, నోరు తెరిచి.

సహస్ర తలొంచుకుంది. "నాకు తెలుసు."

"ఎప్పట్నుంచే?"

"నువ్వు తుమ్ముతున్నప్పట్నుంచి."

"మరి చెప్పలేదేం!"

"చెప్తే అది కూడా చేసుకునేదానివి. లోపలికొచ్చేదానివి," అంది. తర్వాత కొంచెం మెల్లగా, "ఒకసారి చెప్దామని లేచాను కూడా. కిటికీలోంచి చూస్తే నువ్వు నోన్నాతో నవ్వుతున్నావు. బయట చాలా నార్మల్‌గా ఉన్నావమ్మా. అందుకే పిలవలేదు," అంది.

ఆ ఐదోది కారులో కూర్చుని చేసుకున్నాను, చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కుని. ఒకటే గీత. ఫోటో తీసి మార్కోకి పంపాను. అతను తిరిగి ఒక ఫోటో పంపాడు. వాళ్ళమ్మ, బ్రెడ్డు, పక్కన మా ఎలుగుబంటి సీసా. దాన్ని బెంచీ మీద మర్చిపోయానని అప్పుడు తెలిసింది.

మళ్ళీ జూన్ వస్తోంది. పుట్టినరోజుకి ఎక్కడికెళ్దామే అని సహస్రని అడిగాను. నోన్నా దగ్గరికే అంది. నలుగురికి బల్ల చెప్పనా అంటే, అది పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు.

"ముగ్గురికి చెప్పు చాలు. బెంచీకి బుకింగ్ అక్కర్లేదు."